రాగి రేకుపై రాగము: ఇంటి రికార్డింగు కంప్యూటరును భద్రపఱచి మార్చుకొను విధము

ఇంటిలోని యొక చిన్నగదికి దళసరి తెరలు వ్రేలాడదీసి, మూలనొక మైకును నిలిపి, దాని తీగను పిడికెడంత పెట్టెలోనికిని ఆ పెట్టె తీగను కంప్యూటరులోనికిని చేర్చి, పూర్వము మద్రాసునకు పోయి గంటల లెక్కన స్టూడియో అద్దె చెల్లించినగాని సిద్ధింపని పనిని ఇంటిపట్టుననే సాధించుకొనుచున్న గాయకులును వాద్యకారులును నేడు మన పట్టణములన్నింటను గలరు. శ్రుతి రవంత తగ్గినను సహింపని వీరు, ఆ శ్రుతిని మోయుచున్న యంత్రమును గూర్చి మాత్రము అది పనిచేయుచున్నంత కాలము తలపరు. వీణకు మేళము కట్టించుట, మృదంగమునకు మూత మార్పించుట మన వృత్తిలో ఎట్టి నిత్యకృత్యములో, కంప్యూటరులోని పాటలకు ప్రతులు తీయుటయు, కాలము వచ్చినపుడు ఆ కంప్యూటరును మార్చుకొనుటయు నిపుడు అట్టి నిత్యకృత్యములైనవి. ఆ పనులను ఏ వరుసలో చేయవలెనో నేను నష్టపడి నేర్చుకొన్నంత మేర ఈ అధ్యాయమున చెప్పెదను.

రాజమహేంద్రవరములో మా యింటి వెనుకగది యట్టిదే. మా గురువుగారు తమ యెనుబదవ యేట, కంఠము సన్నగిల్లినను జ్ఞానము సన్నగిల్లని దినములలో, మూడు సాయంకాలములు ఆ గదిలో గూర్చుండి, తమ గురువుల వద్ద నేర్చిన పాఠాంతరములను పాడి, ఏ సంగతి ఎవరిదో నడుమ నడుమ చెప్పుచు, నాచేత రికార్డు చేయించిరి. వాని విలువ యెఱిగినవాడను గనుకనే రెండవ ప్రతి తీసి ‘డి’ డ్రైవులో నుంచితిని. ‘సి’ పోయినను ‘డి’ యున్నది గదా యని నిశ్చింతగా నుంటిని. ఆఱు నెలలు గడచిన పిమ్మట, ఒక జ్యేష్ఠమాసపు మధ్యాహ్నము, విద్యుత్తు మూడు మారులు పోయి వచ్చిన తరువాత, తెరపై నల్లదనము తప్ప మఱేమియు రాలేదు. పెట్టెకు చెవి యొగ్గి వినగా, గోడమీద బల్లి పలికినట్లు లోపల ‘టక్, టక్, టక్’ మని లయ తప్పని శబ్దమొకటి వినవచ్చుచుండెను.

మరమ్మతు చేయు కుఱ్ఱవాడు మూత విప్పి చూచి, డిస్కును అరచేతిలో బెట్టుకొని, “మాస్టారూ, సి అయినా డి అయినా ఒకటే డిస్కండీ. ఒకే గదిలో మధ్యన అడ్డం కట్టుకున్నట్టు. ఇల్లు కూలితే రెండు భాగాలూ పోతాయి కదండీ!” అనెను. ఆ మాట యెంత సులభముగా అర్థమగునో, అంతకుముందు పదేండ్లలో అది నాకు తోచకపోవుట యంత దుఃఖకరముగా నుండెను. డిస్కును హైదరాబాదులో నొక పనివారికి పంపగా, పదునెనిమిది దినముల కనంతరము మూడు సాయంకాలములలో నొకటి మాత్రము తిరిగి వచ్చినది. తక్కిన రెండింటిలో గురువుగారు పాడినదేదో నాకు జ్ఞాపకమున్నంత మేర మిగిలినది. జ్ఞాపకమనునది ఏటేట కొంత అరుగుచునే యుండును.

డిస్కు పోవుట కంటికి కనబడు నష్టము. అంతకన్న సూక్ష్మమైన నష్టము మఱియొకటి కలదు: డిస్కు నిక్షేపముగా నుండియు పాట పోవుట. కంప్యూటరు మార్చుకొనువారికి ఎక్కువగా తటస్థించునది ఇదియే.

తిరుమల కొండపై తాళ్ళపాకవారి సంకీర్తన భాండాగారమును గూర్చి వినని తెలుగు గాయకుడుండడు. అన్నమాచార్యుని సంకీర్తనములను రాగి రేకులపై చెక్కించి ఆలయములోనే భద్రపఱచిరి. తాటాకును పురుగు తినును, కాగితమును చెమ్మ తినును. రాగి రేకునకు ఆ భయము లేదు. ఆ దూరదృష్టి వలననే శతాబ్దములు గడచినను వేలకొలది కీర్తనముల సాహిత్యము అక్షరరూపమున మనకు దక్కినది. ప్రతి కీర్తనమునకు రాగము పేరు కూడ చెక్కబడియున్నది. కాని ఆ రాగములో ఆ పల్లవి ఎక్కడ ఎత్తుకొనవలెనో, ఏ స్వరముపై ఆగవలెనో తెలుపు స్వరలిపి ఆ రేకులపై లేదు. చెక్కించినవారు దానిని ఉపేక్షించిరనరాదు. ఆ పాటలు నిత్యము పాడుకొను గాయకులు తమ యెదుటనే యుండగా వ్రాయవలసిన యవసరము వారికి తోచియుండదు. ఆ గాయకపరంపర సన్నగిల్లిన పిమ్మట రేకుపై పేరు మిగిలినది, వరుస పోయినది. ఇరువదవ శతాబ్దమున రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు మొదలైన విద్వాంసులు ఆ సాహిత్యమునకు తిరిగి వరుసలు కట్టి పాడవలసి వచ్చినది. అవి మహనీయమైన కృతులే. అన్నమయ్య విన్నవి మాత్రము అవి కావు.

మీరు రికార్డింగు సాఫ్టువేరులో భద్రపఱచు ప్రాజెక్టు ఫైలు అచ్చముగా ఆ రాగి రేకు వంటిది. క్యూబేసు గాని, రీపరు గాని, ఏబుల్టన్ గాని, మీరెంతో శ్రమపడి కూర్చిన పాటను ‘సేవ్’ చేసినపుడు ఆ ఫైలులో చేరునది శబ్దము కాదు. ఫలానా శబ్దము ఫలానా ఫోల్డరులో నున్నది, దానిని ఇచ్చట ఖండించి అచ్చట అతికించవలెను, దానిపై ఫలానా ప్లగిన్ ఫలానా తీరున పనిచేయవలెను అను ఆజ్ఞలు మాత్రమే. ఆ ప్లగిన్‌లన్నియు మీ యెదుట నున్నంతవఱకు ఆజ్ఞలు చాలును. కంప్యూటరు మారి, ఆ ప్లగిన్ కొత్త యంత్రమున పనిచేయక, లేదా దానిని చేసిన సంస్థయే మూతపడి, లేదా మీ లైసెన్సు అంకె యెచ్చటనో జారిపోయినపుడు, తెరపై ట్రాకు పేరు కనబడును, శబ్దము రాదు.

ఈ సంగతిని నేను వీణ విషయమున చూచితిని. ఒక నృత్యరూపకమునకై కొన్నేండ్ల క్రిందట తోడిరాగమున నొక వీణాఖండమును సాఫ్టువేరు వాద్యముతో కూర్చితిని. కీబోర్డు ప్రక్కనున్న చక్రమును త్రిప్పుచు గాంధారమును ఊపుటకు నాకు వారము దినములు పట్టినది. మిడి యను పద్ధతి 1983లో ప్రమాణముగా నేర్పడినది. అది ఏ స్వరమును, ఏ క్షణమున, ఎంత బలముగా మీటితిమో, చక్రమును ఎంత త్రిప్పితిమో వ్రాసికొనునే గాని, ఆ త్రిప్పుట వలన స్వరము ఎంత దూరము పోవలెనో వాద్యమునకే విడిచిపెట్టును. నా పాత వాద్యమున చక్రము పూర్తిగా త్రిప్పినచో పండ్రెండు స్వరస్థానములు జరుగునట్లు పెట్టుకొంటిని. కొత్త కంప్యూటరులో ఆ వాద్యము తెఱచుకొనలేదు. దాని స్థానమున మఱియొక వీణను ఉంచగా, దాని చక్రమునకు రెండు స్వరస్థానముల పరిమితియే యుండెను. అనగా నేను రెండు స్వరస్థానముల మేర ఊపిన గమకము కొత్త వీణపై ఒక స్వరస్థానములో మూడవ వంతునకు కుదించుకొని పోయినది. స్వరములన్నియు ఉన్నవి, కాలప్రమాణము సరిగానే యున్నది, తోడి లేదు. పరిమితిని సరిదిద్దుకొని కొంత సాధించితిని గాని, మీటు భేదము వలన ఆ మొదటి యూపు మరల రాలేదు. ఆనాడే ఆ ట్రాకును శబ్దరూపమున నొక ఫైలుగా దింపుకొనియుండిన, అది అట్లే నేటికిని మ్రోగుచుండెడిది.

కావున కంప్యూటరు మూత విప్పుటకు ముందే చేయవలసిన పని యొకటి కలదు. మీకు విలువైన ప్రతి పాటను పాత యంత్రములోనే తెఱచి, ప్రతి ట్రాకును వేరువేరుగా వేవ్ ఫైలుగా దింపుకొనుడు. గాత్రము, వయొలిను, మృదంగము, తంబురా, ఒక్కొక్కటియు పాట మొదటి క్షణము నుండియే ప్రారంభము కావలెను. మృదంగము రెండవ నిమిషమున వచ్చుచున్నను, దాని ఫైలు మొదటి రెండు నిమిషములు మౌనముగానే యుండవలెను. అట్లుండిననే ఏ కాలమున ఏ సాఫ్టువేరులో వేసికొన్నను అన్నియు తమ తమ స్థానములలో నిలుచును. వీలున్నచోట రెండు విధముల దింపుట మంచిది: రివర్బు మొదలగు అలంకరణలతో నొకటి, అవి లేక స్వచ్ఛముగా నొకటి. చివరకు మొత్తము పాట మిశ్రమమును కూడ దింపి వాని ప్రక్కనే యుంచవలెను. దీని యుపయోగము ముందు చెప్పెదను.

స్థలము చాలదను భయము పలువురకు గలదు. లెక్క చూచినచో అది నిలువదు. సెకనునకు 48,000 నమూనాల చొప్పున 24 బిట్ల నాణ్యతతో రికార్డు చేసినచో ఒక మోనో ట్రాకు నిమిషమునకు 86 లక్షల 40 వేల బైట్లు, అనగా 8.64 ఎం.బి. పట్టును. ఆఱు నిమిషముల కీర్తనకు పండ్రెండు ట్రాకులున్నచో మొత్తము సుమారు 622 ఎం.బి.; ఒక టి.బి. డిస్కులో అట్టివి 1,600 ఇముడును. స్టీరియో ట్రాకులైనచో రెట్టింపు వేసికొనుడు. మన జీవితకాలపు కృషి జేబులో పట్టునంత డిస్కులో నిముడుచుండగా, చోటు లేదని వరుసను పోగొట్టుకొనుటకు హేతువు కనబడదు.

దీనితోపాటు ప్రాజెక్టును కూడ సమగ్రముగా నొకచోటికి చేర్చుకొనవలెను. పాటలోని శబ్దఖండములు ఒకటి డెస్కుటాపుపైనను, ఒకటి డౌన్‌లోడ్సులోను, మఱియొకటి ఎవరో యిచ్చిన పెన్‌డ్రైవులోను చెదరి యుండుట మనమెఱుగుదుము. క్యూబేసులో ‘బ్యాకప్ ప్రాజెక్ట్’ అనియు, ఏబుల్టన్‌లో ‘కలెక్ట్ ఆల్ అండ్ సేవ్’ అనియు ఉన్న ఆజ్ఞలును, రీపరులో ‘సేవ్ యాజ్’ చేయునపుడు శబ్దములన్నిటిని ప్రాజెక్టు ఫోల్డరులోనికి నకలు చేయుమని టిక్కు పెట్టు వీలును ఇందుకే యున్నవి. ఆ ఫోల్డరులోనే సామాన్యమైన టెక్స్టు ఫైలునొకటి వ్రాసి పెట్టుడు: శ్రుతి యెంత, తాళమేది, వేగమెంత, నమూనాల సంఖ్య 44,100 ఆ 48,000 ఆ, ఏయే ప్లగిన్‌లు వాడితిరి, ఎవరెవరు వాయించిరి. గాయని ఐదున్నర శ్రుతిలో పాడినదని నేడు మీకు నోటికి వచ్చును; పదేండ్ల తరువాత తెఱచువారు మీరే కానక్కరలేదు.

ఇక ప్రతులెన్ని, ఎచ్చట? ఛాయాగ్రాహకుడైన పీటర్ క్రోగ్ ప్రచారమునకు తెచ్చిన సూత్రమొకటి యన్ని వృత్తులవారికిని ఉపకరించునది: మూడు ప్రతులు, రెండు వేరువేరు విధముల సాధనములపై, వానిలో నొకటి వేఱొక చోట. కంప్యూటరులోనిది మొదటిది; బయటి డిస్కు రెండవది; మూడవది మీ యింటి కప్పు క్రింద ఉండరాదు. 1 జూన్ 2008న కాలిఫోర్నియాలోని యూనివర్సల్ స్టూడియోలో అగ్నిప్రమాదము జరిగినపుడు అచ్చటి నిలువగదిలోని మూల ధ్వనిముద్రికలు దగ్ధమైనవి. ఆ నష్టపు విస్తృతి లోకమునకు 2019లోగాని బాగుగా తెలియరాలేదు. అంతటి సంస్థకైనను ఒకచోటనే యున్నది ఒకచోటనే పోవును. 1986 ఆగస్టులో గోదావరి వరదను చూచిన మావంటివారికి ఈ మాట వేఱుగా చెప్పనక్కరలేదు.

మూడవ ప్రతిని క్లౌడులో నుంచినను సరే, పొరుగూరి బంధువుల యింట నుంచినను సరే. అయితే క్లౌడు విషయమున నొక భ్రాంతిని తొలగించుకొనవలెను. కంప్యూటరులోని ఫోల్డరునకు ప్రతిబింబముగా పనిచేయు సేవలు, మీరిచ్చట పొరపాటున చెఱపినదానిని అచ్చటను చెఱపివేయును. కొంతకాలము చెత్తబుట్టలో నుంచుట యున్నను, మీరు గమనించుసరికి ఆ గడువు తీరిపోవచ్చును. ఒకే పెట్టెలో రెండు డిస్కులు పెట్టి ఒకదాని కొకటి అద్దముగా నడపు పద్ధతియు అంతే. ప్రతిబింబము వేఱు, ప్రతి వేఱు. మఱియు బయటి డిస్కును నిరంతరము కంప్యూటరునకు తగిలించి యుంచుట మంచిది కాదు. ఫైళ్ళకు తాళము వేసి సొమ్మడుగు వైరసులు, పిడుగుపాటు వలన తీగలలో పుట్టు ఉద్ధృతి, రెండును తగిలించియున్నదాని నెల్ల నాశనము చేయును. పని ముగిసిన సాయంకాలము తగిలించుట, నకలు తీసి విప్పుట, బీరువాలో పెట్టుట, ఇంతే.

సాధనముల స్వభావము కూడ తెలియవలెను. పళ్ళెరము తిరుగు హార్డ్ డిస్కు దెబ్బకు, కుదుపునకు ఓర్వదు. ఎస్.ఎస్.డి.కి కదలు భాగములు లేవు గాని, విద్యుత్తు తగులక యేండ్ల తరబడి అలమరలో పడియున్నచో, అందులోను మన యెండకాలపు వేడిలో, అందలి విద్యుదావేశము క్రమముగా జారిపోవచ్చును. దానిని శాశ్వత నిలువకు నమ్మరాదు. మనము ఇంటిలో కాల్చుకొన్న సీడీలు రంగు చెడి చదువబడకపోవుట చాలమంది చూచినదే. పాత సీడీలలో మాత్రమే యున్న పాటలను ఈ వారమే డిస్కునకు ఎక్కించుకొనుడు. వర్షాకాలమున డిస్కు పెట్టెలో చెమ్మను పీల్చు సిలికా జెల్ పొట్లమొకటి వేయుట వ్యర్థము కాదు.

ప్రతి తీసితిమను మాట, తెఱచి చూచినగాని నిజము కాదు. నెలకొక పాటను యాదృచ్ఛికముగా ఎన్నుకొని, బయటి డిస్కు నుండి వేఱొకరి కంప్యూటరులోనికి ఎక్కించి, ఆద్యంతము వినుడు. చెవికి హెడ్‌ఫోను పెట్టుకొని చరణము వఱకు వినినచో గాని మధ్యలో తెగిన ఫైలు బయటపడదు. ఫైలు పేరు కనబడినంత మాత్రమున తృప్తిపడుట, రాగి రేకుపై రాగము పేరు చదివి తృప్తిపడుటయే.

ఇంతవఱకు చేసినవారు కంప్యూటరును నిర్భయముగా తాకవచ్చును. కాని ముందు దానికి ఏ రోగమో తెలిసికొనవలెను. కంప్యూటరు మందగించినదని చెప్పి కొత్తది కొనువారిలో కొందఱకు కావలసినది కొత్త ర్యామ్ మాత్రమే. సాఫ్టువేరు వాద్యములు తమ శబ్దనమూనాలను ర్యామ్‌లోనికి ఎక్కించుకొని వాయించును. బరువైన పాటను నడిపించుచు విండోసులోని టాస్క్ మేనేజరును తెఱచి చూచినపుడు మెమరీ నిండుటకు దగ్గరగా నున్నచో ర్యామ్ పెంచుడు. మెమరీ ఖాళీగా నుండి డిస్కు మాత్రము అదేపనిగా శ్రమపడుచున్నచో హార్డ్ డిస్కు స్థానమున ఎస్.ఎస్.డి. వేయించుడు, పాత యంత్రములకు దీనిని మించిన పునరుజ్జీవనము లేదు. రెండును బాగుండి ప్రాసెసరు అలసిపోవుచున్నచో, అపుడు కొత్త యంత్రమును గూర్చి ఆలోచింపవచ్చును. ర్యామ్ కొనునపుడు పాతదానిని విప్పి చేతబట్టుకొని దుకాణమునకు పోవుట మేలు: డి.డి.ఆర్.3, 4, 5 ఒకదాని స్థానమున నొకటి పట్టవు, గాటు వేరువేరు చోట్ల నుండును. లాప్‌టాపులది పొట్టి, డెస్కుటాపులది పొడవు. తీగ పీకి, పెట్టె యినుమును ముట్టుకొని, ఆ పిమ్మటనే లోపలి భాగములను తాకుడు. చేతిలోని స్థిరవిద్యుత్తు మన చర్మమునకు తెలియకయే చిప్పును చంపగలదు.

పాడునపుడు హెడ్‌ఫోనులో తమ గొంతు తమకు ఆలస్యముగా వినబడుచున్నదని మొఱపెట్టువారు బఫరు సంఖ్యను చూడవలెను. 48,000 నమూనాల వేగమున 256 బఫరు అనగా 5.3 మిల్లీసెకనుల ఆలస్యము. గాలిలో శబ్దము ఆ కాలములో ఆఱడుగుల దూరము పోవును. వేదికపై మృదంగవాద్యకారుడు ఆఱడుగుల దూరమున కూర్చుండిన మనకేమియు అడ్డు కాదు. 1,024 బఫరు పెట్టినచో 21 మిల్లీసెకనులు, అనగా ఇరువదినాలుగడుగులు. మృదంగమును వీధి గుమ్మములో కూర్చుండబెట్టినట్లు. పోవునపుడును వచ్చునపుడును ఈ ఆలస్యము రెండు మారులు పడును గనుక, రికార్డు చేయునపుడు బఫరు తగ్గించి, మిశ్రమము చేయునపుడు పెంచుకొనుడు. దీనికి పైసా ఖర్చు లేదు. దీనిని తెలియకయే కంప్యూటరులు మార్చినవారిని ఎఱుగుదును.

ఆపరేటింగ్ సిస్టము మార్పు అన్నిటికన్న జాగరూకతతో చేయవలసినది. విండోస్ 10కు మైక్రోసాఫ్టు సాధారణ మద్దతు 14 అక్టోబరు 2025తో ముగిసినది. విండోస్ 11 టి.పి.ఎం. 2.0 అను రక్షణచిప్పు లేని పాత యంత్రములను అంగీకరింపదు. ఆపిల్‌వారు 2019లో కాటలీనాతో 32 బిట్ల సాఫ్టువేరును పూర్తిగా విడిచిరి. 2020 నవంబరు నుండి తమ సొంత ఎం1 చిప్పుతో యంత్రములను తెచ్చిరి. ఈ రెండు మెట్ల వద్దను ఎన్నో ప్లగిన్‌లు వెనుక నిలిచిపోయినవి. కావున మీ ఇంటర్‌ఫేసు డ్రైవరు, సాఫ్టువేరు, ప్లగిన్‌లు అన్నియు కొత్త సిస్టమునకు సిద్ధమైనవో లేవో ఒక్కొక్కదాని తయారీదారు వద్ద విచారించి, నోటు పుస్తకములో వ్రాసికొన్న తరువాతనే అడుగు వేయవలెను. సంగీతమునకు మాత్రమే వాడుకొనుచు, ఇంటర్నెట్టునకు తగిలింపని పాత యంత్రము బాగుగా పనిచేయుచున్నచో దానిని కదల్పకుండుటయే నా యభిప్రాయమున వివేకము.

లైసెన్సుల విషయము తక్కువ మాటలలో ముగించెదను, కాని మఱువరాదు: పాత డిస్కును తుడుచుటకు ముందు ప్రతి ప్లగిన్‌ను ఆ యంత్రమున ‘డీయాక్టివేట్’ చేయుడు, సీరియల్ అంకెలను, ఖాతాల మెయిలు చిరునామాలను కాగితముపై వ్రాసికొనుడు, ఇన్‌స్టాలరు ఫైళ్ళను కూడ ప్రతులలో చేర్చుడు.

పని నడుమ యంత్రమును మార్చరాదు. ఒక ఆల్బము గాని రూపకము గాని పూర్తిచేసి అప్పగించి, తరువాతిది ఒప్పుకొనక ముందు వారము రోజుల విరామము చూచుకొనుడు. ర్యామ్, డిస్కు, సిస్టము, డ్రైవరు నన్నిటిని ఒకే దినమున మార్చినవానికి, మఱునాడు శబ్దములో చిటపటలు వచ్చినపుడు దోషమెచ్చటనో తెలియదు. ఒకటి మార్చి రెండు దినములు వాయించి, తరువాత మఱియొకటి.

నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైన పరీక్ష యిపుడు చెప్పవలెను. పాత యంత్రమున దింపుకొన్న మిశ్రమమును కొత్త యంత్రములో ఒక ట్రాకుపై ఉంచుడు. అదే ప్రాజెక్టును కొత్త యంత్రములో తెఱచి తిరిగి దింపి, దానిని రెండవ ట్రాకుపై, సరిగా అదే మొదటి క్షణము నుండి ఉంచుడు. రెండవదాని ఫేజును తలక్రిందులు చేయు మీటను నొక్కి రెండింటిని కలిపి మ్రోగించుడు. ఒకదాని యలకు ఎత్తున్నచోట రెండవదానికి పల్లమగుటచే, రెండును అక్షరము పొల్లుపోక సమానములైనచో ఒకదానినొకటి మ్రింగివేసి సంపూర్ణ మౌనము మిగులును. మౌనము బదులు సన్నగా వయొలిను మాత్రము వినబడినచో వయొలినుపై నున్న ప్లగిన్‌లో భేదమున్నదని యర్థము. దోషమెచ్చటనో ఆ మిగిలిన శబ్దమే చెప్పును. కోరసు వంటి అలంకరణలును, కొన్ని రివర్బులును తమలో యాదృచ్ఛికమైన కదలిక గలవి గనుక ప్రతి మారును కొంచెము భిన్నముగా పలుకును, వానిని మినహాయించుకొనవలెను. పాట మొత్తము ఒకటిన్నర స్వరస్థానము పైకి పోయి వేగముగా వినబడినచో భయపడకుడు. 44,100 నమూనాలతో చేసినదానిని ఇంటర్‌ఫేసు 48,000 వేగమున చదువుచున్నది, ఆ సంఖ్య సరిచేసిన చాలును.

మొన్న మాఘమాసమున నేను మరల యంత్రమును మార్చితిని. గురువుగారి మిగిలిన ఆ సాయంకాలమును మొదట ఎక్కించి, పాతదానితో కలిపి, ఫేజు మీట నొక్కి, హెడ్‌ఫోను పెట్టుకొని నలువది నిమిషములు కదలక కూర్చుంటిని. ఆయన దగ్గు గాని, తంబురా మీటు గాని, కుర్చీ కిఱ్ఱుమన్న శబ్దము గాని ఏదియు వినబడలేదు. మీటను తిరిగి యెత్తితిని. భైరవి సగములో నుండి గదినిండ మ్రోగినది.

పాత డిస్కును తుడువలేదు. ఆఱు నెలల వఱకు దానిని తాకను. దానిపై కాగితపు పట్టీ అతికించి తేదీ వ్రాసి, మూడవ ప్రతి గల డిస్కును వేఱుగా మెత్తని గుడ్డలో చుట్టి, కాకినాడ నుండి పాఠమునకు వచ్చు మా శిష్యురాలి చేతికిచ్చితిని. ఆమె దానిని రెండు చేతులతో అందుకొని, “మాస్టారూ, దేవుడి గదిలో పెట్టనాండీ?” అని యడిగెను.

“వద్దమ్మా. అక్కడ దీపం వేడి, సాంబ్రాణి పొగ. బీరువాలో పట్టుచీరల మధ్యన పెట్టు. సంక్రాంతికి వచ్చేటప్పుడు తీసుకురా, ఇద్దరం కూర్చుని మొదటినుంచీ విందాం.”